5.1లోని ఆ ‘.1’ ఏమిటి? సరౌండ్ సౌండ్‌లో మంద్రధ్వని చానల్ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంట్లో హోం థియేటర్ పెట్టుకున్నవారు బేస్ గురించి, అంటే మంద్రధ్వని గురించి అడిగే ప్రశ్నల్లో చాలావాటికి మూలం ఒకే పొరపాటు. రికార్డింగులో ఉండే మంద్రధ్వని చానల్‌ను, గదిలో మూలన కూర్చునే సబ్‌వూఫర్ పెట్టెను ఒకటే అనుకోవడమే ఆ పొరపాటు. ఈ రెంటినీ విడదీసి చూడగలిగితే సెట్టింగుల్లోని చిక్కులు చాలావరకు వాటంతట అవే విడిపోతాయి కాబట్టి, కింది జవాబులన్నీ ఆ తేడాను దృష్టిలో పెట్టుకుని రాసినవే.

5.1 అని రాస్తారు కదా, అందులో ‘.1’ దేనికి గుర్తు?

ముందు వైపు ఎడమ, మధ్య, కుడి. పక్కన లేదా వెనుక ఎడమ, కుడి. ఈ ఐదూ పూర్తిస్థాయి చానళ్ళు. మనిషి చెవికి అందే 20 హెర్ట్జ్ (అంటే సెకనుకు 20 కంపనాలు) నుంచి 20,000 హెర్ట్జ్ వరకు ఏ శబ్దాన్నైనా వీటిలో ప్రతి ఒక్కటీ మోయగలదు. ఆరో చానల్ అలాంటిది కాదు. దానిలోకి సుమారు 120 హెర్ట్జ్ వరకు ఉన్న శబ్దమే వెళ్తుంది, అంతకుమించినది వెళ్ళదు. దాని అసలు పేరు లో ఫ్రీక్వెన్సీ ఎఫెక్ట్స్ చానల్, వాడుకలో ఎల్‌ఎఫ్‌ఈ.

పూర్తి చానల్‌లో కొంత భాగమే కనుక దాన్ని దశాంశంగా రాశారు. 1987లో అమెరికాలో సినిమా, టెలివిజన్ ఇంజనీర్ల సంఘం కమిటీలో చర్చ జరుగుతున్నప్పుడు శబ్ద నిపుణుడు టామ్లిన్సన్ హోల్మన్ ‘5.1’ అన్న మాటను ముందుకు తెచ్చారు. లెక్క కచ్చితంగా చూస్తే 20,000లో 120 అంటే నూరో వంతు కూడా కాదు. పలకడానికి తేలికగా ఉంటుందని పదో వంతుగా రాశారంతే.

120 హెర్ట్జ్ ఎంత కిందిదో సంగీతం తెలిసినవారికి ఇలా చెప్పవచ్చు. ఒకటో శ్రుతిలో పాడే పురుష గాయకుడు మంద్ర పంచమాన్ని అందుకున్నప్పుడు ఆ స్వరం సెకనుకు దాదాపు 98 కంపనాలు చేస్తుంది. అంటే కచేరీలో మనం బాగా కింది స్వరం అనుకునేది ఈ చానల్‌కు పై అంచు దగ్గరే ఉంటుంది. సినిమాలో నేల అదిరే శబ్దాలకు అసలు బలమిచ్చేది దానికి ఇంకా కిందనున్న 20 నుంచి 60 హెర్ట్జ్ మధ్య భాగం.

మంద్రధ్వనికి విడిగా ఒక చానల్ ఎందుకు అవసరమైంది?

పాత సాంకేతికతలో చోటు చాలకపోవడం వల్ల. సినిమా ఫిల్ముపై ఒక్కో శబ్దపు ట్రాకు ఎంత బలమైన సంకేతాన్ని మోయగలదనేదానికి హద్దు ఉండేది. సంభాషణలు, సంగీతం నడిచే ట్రాకులోకే పెద్ద పేలుడు శబ్దాన్ని కూడా తోస్తే ఆ ట్రాకు నిండిపోయి, మాటలు కూడా బొంగురుపోయేవి.

1974లో యూనివర్సల్ స్టూడియో సెన్సరౌండ్ అనే పద్ధతిని తెచ్చి, థియేటర్లలో భారీ బేస్ స్పీకర్లు దించి, భూకంప దృశ్యాలకు నేల కదిలే అనుభూతి కల్పించింది. అది ప్రత్యేకమైన ఏర్పాటు కనుక ఎక్కువకాలం నిలవలేదు. 1977లో డాల్బీ వారు 70 ఎం.ఎం. ప్రింట్ల విషయంలో మరింత తెలివైన దారి పట్టారు. ఆ ప్రింట్లపై ఆరు అయస్కాంత ట్రాకులు ఉండేవి, వాటిలో ఐదు తెర వెనుక స్పీకర్లకు వెళ్ళేవి. ఆ ఐదింటిలో మధ్యస్పీకరుకు అటూ ఇటూ ఉన్న రెండు ట్రాకులను మంద్రధ్వనికే కేటాయించారు. ఆ పద్ధతికి అప్పటి సౌండ్ ఇంజనీర్లు ‘బేబీ బూమ్’ అని ముద్దుపేరు పెట్టుకున్నారు. ఈనాటి ఎల్‌ఎఫ్‌ఈకి అసలైన పూర్వరూపం ఇదే. 1992లో డాల్బీ డిజిటల్ థియేటర్లకు వచ్చినప్పుడు ఆ ఏర్పాటు ‘.1’గా స్థిరపడింది.

1993లో వచ్చిన డీటీఎస్ మరో దారిలో నడిచింది. మన ఊళ్ళలో సినిమా పోస్టర్ల మీద, థియేటర్ ముఖద్వారాల మీద ‘డీటీఎస్’ అని పెద్ద అక్షరాలతో రాసుకున్న రోజులు చాలామందికి గుర్తుండే ఉంటాయి. ఆ విధానంలో శబ్దం ఫిల్ముపై కాకుండా విడిగా సీడీల్లో వచ్చేది, ఫిల్ముపై ఉండే టైమ్‌కోడ్ ఆ సీడీలను బొమ్మతో కలిపి నడిపించేది. థియేటర్ డీటీఎస్‌లో మంద్రధ్వనికి సొంత ట్రాకు కూడా ఉండేది కాదు. సరౌండ్ చానళ్ళలోనే 80 హెర్ట్జ్‌కు కింది భాగంలో దాన్ని ఉంచి, ప్రొజెక్టర్ గదిలోని ప్రాసెసర్ విడదీసి సబ్‌వూఫర్లకు పంపేది. అప్పట్లో హాల్లో కుర్చీ కింద నుంచి తాకిన అదురు ఇంత చుట్టుదారిన వచ్చిందని తెలిసినప్పుడు ఆ ఇంజనీర్ల నేర్పుపై నాకు గౌరవం ఎంతగానో పెరిగింది.

ఎల్‌ఎఫ్‌ఈ చానల్, సబ్‌వూఫర్ ఒకటి కాదా?

కాదు. ఎల్‌ఎఫ్‌ఈ అనేది డిస్కులోనో, స్ట్రీమింగ్ ఫైల్లోనో ఉండే శబ్దం. దాన్ని సినిమాకు శబ్దమిశ్రమం చేసినవారు అక్కడ పెట్టారు. సబ్‌వూఫర్ అనేది మీరు కొన్న స్పీకరు. తనకు ఏ శబ్దం వస్తే దాన్ని మోగించడమే దాని పని, ఆ శబ్దం ఎక్కడి నుంచి వచ్చిందో దానికి పట్టదు.

సబ్‌వూఫర్‌ను ఊరి చెరువు అనుకోండి. ఎల్‌ఎఫ్‌ఈ దానిలోకి నేరుగా వచ్చే ఒక కాలువ. అయితే మిగతా ఐదు చానళ్ళ నుంచి కూడా చిన్న వాగులు వచ్చి అదే చెరువులో కలుస్తాయి. మన ఇళ్ళలో గోడకు బిగించే చిన్న స్పీకర్లు 80 లేదా 100 హెర్ట్జ్‌కు కింది శబ్దాన్ని సరిగా పలికించలేవు కాబట్టి, స్పీకర్లన్నిటికీ శబ్దం పంచే యంత్రమైన రిసీవర్ ఆ భాగాన్ని వాటి నుంచి తీసి సబ్‌వూఫర్‌కు మళ్ళిస్తుంది. దీన్నే బేస్ మేనేజ్‌మెంట్ అంటారు. అందుకే ఒక సన్నివేశంలో ఎల్‌ఎఫ్‌ఈ పూర్తిగా ఖాళీగా ఉన్నా సబ్‌వూఫర్ గట్టిగా పనిచేస్తూ ఉండవచ్చు. నేపథ్య సంగీతంలోని బేస్ గిటారు, డ్రమ్ముల దరువు, వాన సన్నివేశంలో ఉరుము ఇవన్నీ ముందు చానళ్ళలోనే ఉండి, అక్కడి నుంచి మళ్ళి రావచ్చు.

దీనికి రెండో వైపు కూడా ఉంది. 5.1 శబ్దాన్ని రెండు స్పీకర్ల స్టీరియోగా కుదించినప్పుడు ఎల్‌ఎఫ్‌ఈని సాధారణంగా వదిలేస్తారు. ఫోనులో, మామూలు టీవీలో చూసేవారికి ఆ చానల్ అసలు చేరదన్నమాట. అందుకే మంచి మిక్సింగ్ ఇంజనీరు కథకు అత్యవసరమైన ఏ శబ్దాన్నీ అందులో మాత్రమే ఉంచరు. ముందు చానళ్ళలో ఉన్న పేలుడుకు అదనపు బరువు ఇవ్వడానికే దాన్ని వాడతారు.

ఈ చానల్ 10 డెసిబెల్స్ ఎక్కువగా మోగుతుందంటారు. అది నిజమేనా, ఎందుకు?

నిజమే. ఈ చానల్‌ను అర్థం చేసుకోవడానికి ఇంతకన్నా ముఖ్యమైన అంశం లేదు కాబట్టి కాస్త ఓపికగా చదవమని కోరుతున్నాను.

మన చెవి అన్ని శబ్దాలనూ సమానంగా వినదు. 1000 హెర్ట్జ్ దగ్గర రెండు మూడు డెసిబెల్స్ ఉన్నా నిశ్శబ్దపు గదిలో వినిపిస్తుంది. అదే 20 హెర్ట్జ్ స్వరం వినిపించడం మొదలవ్వాలంటేనే దాదాపు 78 డెసిబెల్స్ కావాలి. 1933లో ఫ్లెచర్, మన్సన్ అనే శాస్త్రవేత్తలు ఈ స్వభావాన్ని వక్రరేఖలుగా గీసి చూపించారు. కాబట్టి మాటలతో సమానమైన బరువుతో ఉరుము వినిపించాలంటే ఉరుముకు ఎన్నో రెట్లు ఎక్కువ శక్తి పెట్టాలి.

సినిమా థియేటర్‌లో తెర వెనుక ప్రతి చానల్‌నూ ఒక ప్రామాణిక పరీక్ష శబ్దంతో 85 డెసిబెల్స్‌కు సరిచేస్తారు. ఆ పరీక్ష శబ్దం డిజిటల్ గరిష్ఠం కన్నా 20 డెసిబెల్స్ తక్కువలో ఉంటుంది. అంటే ఒక్కో చానల్ అత్యధికంగా 105 డెసిబెల్స్ వరకు వెళ్ళగలదు. ఎల్‌ఎఫ్‌ఈకి మాత్రం మోగించేటప్పుడు అదనంగా 10 డెసిబెల్స్ ఇస్తారు కనుక అది 115 వరకు వెళ్తుంది. దీనివల్ల మిక్సింగ్ చేసేవారు ఆ చానల్‌లో శబ్దాన్ని తక్కువ స్థాయిలోనే రికార్డు చేసి, హద్దు దాటకుండానే, థియేటర్‌లో పెద్ద అదురు రప్పించగలుగుతారు. 10 డెసిబెల్స్ పెరగాలంటే యాంప్లిఫయర్ నుంచి పది రెట్ల విద్యుత్ శక్తి రావాలన్నది గుర్తుంచుకుంటే, సబ్‌వూఫర్లలో సొంత యాంప్లిఫయర్లు ఎందుకు ఉంటాయో తెలుస్తుంది.

ఇంట్లో ఈ 10 డెసిబెల్స్‌ను రిసీవర్ తానే కలుపుతుంది. ‘ఎల్‌ఎఫ్‌ఈ లెవెల్’ అనే సెట్టింగు కనిపిస్తే దాన్ని సున్నా దగ్గరే ఉంచండి. ఎక్కడో చదివి ఇంకో పది కలిపితే, దర్శకుడు గదిలో ఉరుము వినిపించమంటే మీరు ఇంటి మీదకు పిడుగు తెచ్చినట్టే.

2.1 సెట్‌లోనూ, మామూలు టీవీ ప్రసారాల్లోనూ ఈ చానల్ ఉంటుందా?

ఉండదు. 2.1 పేరులోని ‘.1’ సబ్‌వూఫర్ ఉందని మాత్రమే చెబుతుంది. పాట స్టీరియో అయితే అందులో ఎల్‌ఎఫ్‌ఈ లేదు, కుడి ఎడమల్లోని కింది శబ్దమే పెట్టెలోకి మళ్ళుతుంది. ఐదు చిన్న స్పీకర్లు, ఒక పెట్టె ఉన్న సెట్టుకు ఫోను నుంచి బ్లూటూత్‌లో పాట పంపినప్పుడూ ఇంతే. ఫోను పంపేది రెండు చానళ్ళే కాబట్టి మిగతావన్నీ యంత్రం ఊహించి పంచినవే. నిజమైన 5.1 కావాలంటే సినిమా ఫైలులో 5.1 ఉండాలి, అది హెచ్‌డీఎంఐ ద్వారానో ఆప్టికల్ కేబుల్ ద్వారానో చెడకుండా రిసీవర్‌కు చేరాలి. టీవీ ఆడియో సెట్టింగులో ‘పీసీఎం’ అని ఉంటే చాలా టీవీలు శబ్దాన్ని స్టీరియోగా కుదించి పంపుతాయి, ఎల్‌ఎఫ్‌ఈ మధ్యదారిలోనే రాలిపోతుంది. దాన్ని ‘బిట్‌స్ట్రీమ్’ లేదా ‘పాస్ త్రూ’కు మార్చి, రిసీవర్ తెరపై ‘డాల్బీ డిజిటల్’ అనో ‘డీటీఎస్’ అనో కనిపిస్తోందో లేదో చూడండి.

రిసీవర్‌లో ‘స్మాల్’, ‘లార్జ్’ అని అడుగుతోంది. మా స్పీకర్లు నిలువెత్తువి. ఏది ఎంచుకోవాలి?

ఈ మాటలకు స్పీకర్ల ఎత్తుతో సంబంధం లేదు. ‘స్మాల్’ అంటే కింది శబ్దాన్ని సబ్‌వూఫర్‌కు మళ్ళించమని, ‘లార్జ్’ అంటే మొత్తం శబ్దాన్ని ఆ స్పీకరుకే ఇవ్వమని అర్థం. మంచి సబ్‌వూఫర్ ఉన్న ఇంట్లో నిలువెత్తు స్పీకర్లకు కూడా ‘స్మాల్’ పెట్టడమే నా సలహా. స్పీకర్లు నిలబడే చోటు బొమ్మకు, మాటకు బాగుండేలా ఎంచుకుంటాం. ఆ చోటు బేస్‌కు బాగుండాలని నియమం లేదు. సబ్‌వూఫర్‌ను మాత్రం బేస్‌కు నచ్చిన చోటికి జరుపుకోవచ్చు.

శబ్దం మారే హద్దును క్రాసోవర్ అంటారు. సినిమా శబ్దానికి నాణ్యతా ప్రమాణాలు నిర్ణయించే టీహెచ్‌ఎక్స్ సంస్థ ప్రమాణం 80 హెర్ట్జ్, అదే మంచి మొదటి అడుగు. అంతకు కిందనున్న శబ్దం ఏ దిక్కు నుంచి వస్తోందో చెవి పట్టుకోలేదు కాబట్టి పెట్టె ఎక్కడున్నా బొమ్మకు అతికినట్టే ఉంటుంది. అరచేతిలో పట్టే బుల్లి స్పీకర్లయితే 120 వరకు, ఒక్కోసారి 150 వరకు పోక తప్పదు. అప్పుడు పురుషుల గొంతులోని బరువు సబ్‌వూఫర్ నుంచి వినిపించడం మొదలవుతుంది. ఆ ఇళ్ళలో పెట్టెను టీవీ పక్కనే ఉంచాలి, లేకపోతే కథానాయకుడు తెర మీద మాట్లాడుతుంటే గొంతు సోఫా వెనుక నుంచి వచ్చినట్టుంటుంది.

‘ఎల్‌పీఎఫ్ ఫర్ ఎల్‌ఎఫ్‌ఈ’ అనే మరో సెట్టింగు ఉంది. దాన్ని కూడా 80కి పెట్టాలా?

వద్దు, 120 దగ్గర ఉంచండి. ఎల్‌పీఎఫ్ అంటే లో పాస్ ఫిల్టర్, పెట్టిన హద్దుకు పైనున్న శబ్దాన్ని ఆపే వడపోత. క్రాసోవర్ మిగతా స్పీకర్లది, ఇది ఎల్‌ఎఫ్‌ఈది. 80కి తగ్గిస్తే 80 నుంచి 120 వరకు ఆ చానల్‌లో ఉన్న శబ్దం మరెక్కడికీ వెళ్ళదు, పోతుంది. అలాగే సబ్‌వూఫర్ వెనుకనుండే క్రాసోవర్ మీటను గరిష్ఠానికి తిప్పండి లేదా ‘ఎల్‌ఎఫ్‌ఈ’ అని రాసి ఉన్న ఇన్‌పుట్ వాడండి. లేకపోతే రిసీవర్ ఒకసారి, పెట్టె మరోసారి వడపోసి హద్దు దగ్గర శబ్దంలో గుంట పడుతుంది.

సబ్‌వూఫర్‌ను గదిలో ఎక్కడ పెట్టాలి?

డబ్బు ఖర్చు లేకుండా వినికిడిని పూర్తిగా మార్చేసే పని ఇదొక్కటే, కానీ చాలామంది పెట్టెను ఖాళీ ఉన్న మూలకు తోసి ఊరుకుంటారు.

ధ్వని సెకనుకు దాదాపు 343 మీటర్లు వెళ్తుంది కాబట్టి 40 హెర్ట్జ్ తరంగం ఒక్కటే ఎనిమిదిన్నర మీటర్ల పొడవుంటుంది. అది మన గదిలో పట్టదు. గోడకు గోడకు మధ్య కొట్టుకుని, కొన్ని పౌనఃపున్యాల దగ్గర గది మొత్తం వీణ బుర్రలా అనునాదం చేస్తుంది. ఎక్కడ అలా జరుగుతుందో లెక్క సులువే. ధ్వని వేగాన్ని గది పొడవుకు రెట్టింపుతో భాగిస్తే చాలు. 12 అడుగుల గోడల మధ్య దూరానికి అది దాదాపు 47 హెర్ట్జ్, 15 అడుగులకు దాదాపు 38. ఆ స్వరం గోడల దగ్గర ఉబ్బిపోతుంది, సరిగ్గా గది మధ్యలో దాదాపు మాయమవుతుంది. మన ఇళ్ళలో ఇటుక గోడలు, సిమెంటు శ్లాబు, రాతి లేదా టైల్స్ నేల ఉంటాయి కనుక బేస్ బయటికి జారిపోదు, గోడల్లో ఇంకిపోదు. చెక్క చట్రాలకు జిప్సమ్ పలకలు బిగించి కట్టే అమెరికా ఇళ్ళ గోడలు కొంత బేస్‌ను పీల్చుకుంటాయి కాబట్టి, అక్కడివారు ఇంటర్నెట్‌లో ఇచ్చే సలహా మన హాలుకు ఉన్నదున్నట్టుగా సరిపోదు.

మా హాలు కొలతలు సరిగ్గా 12 అడుగులు, 15 అడుగులు. ఒక సాయంత్రం ఇంట్లో ఎవరూ లేనప్పుడు 30 హెర్ట్జ్ నుంచి 80 వరకు ఒకే స్వరాన్ని నెమ్మదిగా పెంచుతూ గదిలో నడిచాను. 38 దగ్గరకు వచ్చేసరికి వంటింటి అటక మీది స్టీలు బిందె మూత గలగలలాడింది. 47 దగ్గర గోడకు వీపు ఆనించి నిలబడితే ఛాతీ మీద ఎవరో అరచేయి ఆన్చి నొక్కుతున్నట్టుంది. అక్కడి నుంచి నాలుగు అడుగులు వేసి గది మధ్యకు వచ్చేసరికి ఆ స్వరాన్ని ఎవరో ఆపేసినట్టే అయింది. వాల్యూమ్ మీద ఎవరూ చేయి వేయలేదు. యంత్రం అదే, స్వరం అదే, మారింది నేను నిలబడ్డ చోటే. మేము సోఫా వేసుకున్నది ఆ చోటే కాబట్టి, అన్నేళ్ళుగా సబ్‌వూఫర్‌లో బలం లేదని అనుకున్నది తప్పని ఆ సాయంత్రమే తేలింది.

మంచి చోటు పట్టుకోవడానికి ఒక పాత ఉపాయం ఉంది. సబ్‌వూఫర్‌ను ఎత్తి మీరు కూర్చునే సోఫా చోట పెట్టి, బేస్ గీత స్పష్టంగా ఉన్న పాట ఒకటి పదేపదే మోగించండి. తర్వాత గోడల వెంబడి మోకాళ్ళ మీద పాకుతూ, తల నేలకు దగ్గరగా ఉంచి వినండి. కొన్ని చోట్ల ఒకే స్వరం గూఁ అని మూలుగుతుంది, కొన్ని చోట్ల అన్నీ సన్నబడతాయి, ఏదో ఒక చోట ప్రతి స్వరమూ విడిగా, సమానంగా వినిపిస్తుంది. పెట్టెను అక్కడ పెట్టండి. చూసేవారికి ఈ పని విచిత్రంగా కనిపించినా దీని వెనుక భౌతికశాస్త్రం గట్టిది, ఎందుకంటే శబ్దం పుట్టే చోటును, వినే చోటును తారుమారు చేసినా గది స్పందన అదే ఉంటుంది. సోఫాను కూడా వెనుక గోడకు ఆనించకుండా, గది నడిమధ్యలో వేయకుండా, వెనుక గోడ నుంచి గది పొడవులో మూడో వంతు దూరంలో వేయగలిగితే మరీ మంచిది.

రెండు సబ్‌వూఫర్లు పెడితే బేస్ రెట్టింపవుతుందా? రిసీవర్ మీద 7.2 అని రాసి ఉంటే రెండు ఎల్‌ఎఫ్‌ఈలు ఉన్నట్టా?

7.2లోని 2 సబ్‌వూఫర్ తీగ పెట్టుకునే సాకెట్ల లెక్క. సినిమాలో ఎల్‌ఎఫ్‌ఈ ఒక్కటే.

రెండో పెట్టె వల్ల అసలు లాభం బలంలో కాదు, సమానతలో. ఎదురెదురు గోడల నడిమధ్యల్లో ఒక్కొక్కటి పెడితే, పైన చెప్పిన మొదటి అనునాదాన్ని ఒకటి ఇటు, మరొకటి అటు నెట్టి పరస్పరం అణచివేస్తాయి. దాంతో సోఫా మీద నలుగురు కూర్చుంటే నలుగురికీ దాదాపు ఒకే బేస్ వినిపిస్తుంది. ఆడియో పరికరాలు తయారుచేసే హర్మన్ సంస్థలో పరిశోధకుడు టాడ్ వెల్టి 2002లో ప్రచురించిన పరిశోధన ఇలాంటి అమరికల మేలును స్పష్టంగా చూపింది. ఒక్కరే చూసే గదికి ఒకే మంచి పెట్టె, మంచి చోటు చాలు.

మూసి ఉన్న పెట్టె మంచిదా, గొట్టం ఉన్నది మంచిదా?

గొట్టం అంటే పోర్టు ఉన్నది అదే ఖర్చుకు కింది స్వరాల్లో ఎక్కువ బలం ఇస్తుంది, అయితే తన హద్దు దాటాక అష్టకానికి, అంటే పౌనఃపున్యం సగమైన ప్రతిసారీ, 24 డెసిబెల్స్ చొప్పున నిట్టనిలువుగా పడిపోతుంది. మూసినది 12 చొప్పున మెల్లగా దిగుతుంది, పెట్టె కూడా చిన్నది. చిన్న గదుల్లో గోడలే కింది స్వరాలకు కొంత బలం ఇస్తాయి కాబట్టి నేను మూసినదాని వైపే మొగ్గుతాను. పెట్టె మీద రాసిన వాట్లను చూసి కొనకండి. ఒక అష్టకం కిందికి దిగి అంతే గట్టిగా మోగాలంటే స్పీకరు నాలుగు రెట్ల గాలిని కదపాలి, అది కోను వెడల్పు మీద, అది ముందుకు వెనక్కు ఆడే దూరం మీద ఆధారపడిన సంగతి.

బేస్ బాగుంది కానీ మాటలు వినబడడం లేదు. ఏం చేయాలి?

ముందుగా సబ్‌వూఫర్‌ను తగ్గించండి. గట్టి మంద్రధ్వని తన పైనున్న స్వరాలను కప్పేస్తుంది, అది చెవి నిర్మాణంలోనే ఉన్న గుణం. ఆ తర్వాత రిసీవర్‌లోని పరీక్ష శబ్దంతో ఐదు స్పీకర్లనూ, సబ్‌వూఫర్‌నూ వినే చోట 75 డెసిబెల్స్‌కు సరిచేయండి. ఫోనులోని కొలత యాప్‌లో, కింది స్వరాలను పెద్దగా తగ్గించకుండా లెక్కించే ‘సి’ వెయిటింగ్ ఎంచుకోండి. చాలా ఫోన్ల మైకులు బాగా కింది స్వరాలను తగ్గించి చూపుతాయి కనుక సబ్‌వూఫర్ విషయంలో ఆ అంకెను చివరి మాటగా తీసుకోవద్దు. రిసీవర్‌తో పాటు మైకు వచ్చి ఉంటే ఆడిసీ, డిరాక్ లాంటి స్వయంచాలక సర్దుబాటును వాడండి. అది సబ్‌వూఫర్ దూరాన్ని నిజమైన దూరం కన్నా ఎక్కువగా చూపిస్తే తప్పని దిద్దకండి. పెట్టెలోపలి ఎలక్ట్రానిక్స్ చేసే ఆలస్యాన్ని అది దూరంగా లెక్కగట్టింది.

అప్పటికీ మాటలు తక్కువైతే మధ్య స్పీకరును రెండు మూడు డెసిబెల్స్ పెంచండి. సబ్‌వూఫర్ సరిగ్గా కుదిరిందనడానికి నా దగ్గర ఒకే గుర్తు ఉంది. అది ఉన్నట్టు తెలియకూడదు, స్విచ్ ఆపినప్పుడు మాత్రం ముందు స్పీకర్లు ఒక్కసారిగా చిన్నవైపోయినట్టు అనిపించాలి.

అపార్ట్‌మెంటులో ఉంటున్నాం. ఫోనులో కొలిస్తే శబ్దం తక్కువే చూపిస్తోంది, అయినా కింది ఇంటివారు ఇబ్బంది పడుతున్నారు. ఎందుకు?

ఫోను అబద్ధం చెప్పడం లేదు, మీరు అడిగిన ప్రశ్నే వేరు. మన దేశంలో 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతాల్లో పరిమితి పగలు 55, రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు 45 డెసిబెల్స్. ఈ అంకెలు ‘ఎ’ వెయిటింగ్‌లో ఉంటాయి, ఆ పద్ధతి 50 హెర్ట్జ్ స్వరాన్ని 30 డెసిబెల్స్ తగ్గించి లెక్కిస్తుంది. అంటే 75 డెసిబెల్స్ బలమున్న 50 హెర్ట్జ్ స్వరం మీటరు మీద 45గానే కనిపిస్తుంది. కాగితం మీద హద్దులోనే ఉన్నా, కింది ఇంట్లో పడుకున్న పెద్దాయన మంచానికి అదురు తెలుస్తూనే ఉంటుంది. గోడలు మాటలను ఆపినంత తేలికగా మంద్రధ్వనిని ఆపలేవు.

పెట్టె కింద మందపాటి రబ్బరు లేదా స్పాంజి పలక వేస్తే నేల ద్వారా పాకే కంపనం తగ్గుతుంది, గాలి ద్వారా వెళ్ళేది మాత్రం తగ్గదు. రాత్రిపూట పెద్ద శబ్దాలకు, చిన్న శబ్దాలకు మధ్య తేడాను తగ్గించే ‘నైట్ మోడ్’ పెట్టి, సబ్‌వూఫర్ స్థాయిని ఆరు నుంచి పది డెసిబెల్స్ తగ్గించండి. అన్నిటికన్నా ముందు కింది ఇంటికి వెళ్ళి, ఏ వేళల్లో ఇబ్బందో అడిగి రండి.

డాల్బీ అట్మాస్ వచ్చాక ఈ చానల్ అవసరం తీరిపోయిందా?

లేదు. 5.1.2, 7.1.4 అన్నప్పుడు చివరి అంకె పైకప్పు స్పీకర్లది, నడుమ అంకె ఇంకా అదే. అట్మాస్‌లో గదిలో కదిలే శబ్దాలను ఆబ్జెక్టులు అంటారు, వాటిని ఎల్‌ఎఫ్‌ఈలోకి నేరుగా పంపడం కుదరదు. స్థిరంగా ఉండే చానళ్ళ పొరలోనే ఎల్‌ఎఫ్‌ఈ ఉంటుంది. పైకప్పు స్పీకర్లు చిన్నవి కనుక తల మీదుగా వెళ్ళే హెలికాప్టర్ బరువు కూడా బేస్ మేనేజ్‌మెంట్ దారిన సబ్‌వూఫర్‌కే చేరుతుంది. దాని పని పెరిగిందే గాని తగ్గలేదు.

ఏమీ మోగించకపోయినా సబ్‌వూఫర్ నుంచి గుయ్‌మని మోత వస్తోంది. పెట్టె చెడిపోయిందా?

చాలాసార్లు చెడిపోయి ఉండదు. మన దేశంలో కరెంటు 50 హెర్ట్జ్, సబ్‌వూఫర్ అత్యంత చురుకుగా పలికే స్వరాల్లో అదొకటి. రెండు పరికరాలు రెండు వేర్వేరు చోట్ల ఎర్త్ అయి, వాటిని ఒక ఆడియో తీగ కలిపినప్పుడు ఆ వలయంలో పారే చిన్న విద్యుత్తే ఈ మోత.

ముందు పెట్టె వెనుక ఆడియో తీగను పీకి చూడండి. మోత ఆగితే పెట్టె బాగానే ఉంది, తప్పు వలయానిది. తీగను తిరిగి పెట్టి, ఈసారి సెట్‌టాప్ బాక్సుకు వచ్చే కేబుల్ లేదా డిష్ తీగను విప్పండి. అప్పుడు ఆగితే మోత ఆ దారినే లోపలికి వస్తోంది, ఆ తీగకు గ్రౌండ్ ఐసొలేటర్ వేయించాలి. అలా కాకపోతే రిసీవర్‌నూ, సబ్‌వూఫర్‌నూ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకు తగిలించి చూడండి. మోత పోగొట్టడానికి మూడు పిన్నుల ప్లగ్గులోని ఎర్త్ పిన్నును తీసేయమని కొందరు మెకానిక్కులు చెబుతారు. మోత ఆగుతుంది కూడా. కానీ లోపల ఎక్కడైనా ఇన్సులేషన్ దెబ్బతిన్న రోజున పెట్టె వెనుక లోహపు పలకే షాక్ కొడుతుంది, పిల్లలు తాకే ఎత్తులో ఉండే పెట్టె అది. ఆ పిన్నును ఎట్టి పరిస్థితిలోనూ తీయించకండి.